సుందరమ్మగారి అన్నం ఏ పద్దు కింద?

రాష్ట్రంలో ఉద్యోగాలకు వచ్చే ఇతర రాష్ట్రాల వాళ్ళందరూ తెలుగులో మాట్లాడడం నేర్చుకు తీరాలని ప్రభుత్వానికి ఒక శుభోదయాన తోచింది. వచ్చిందో లేదో మనుషులు పరీక్షిస్తే మొహమాటాలూ సిఫార్సులూ అడ్డొస్తాయి కనుక, ఆ పని ఫోన్‌లో ఒక యాప్ చెయ్యాలని మర్నాడు తోచింది. ఈ రెండో ఆలోచన తిన్నగా వచ్చి, రాజమండ్రి దానవాయిపేటలో పళ్ళ డాక్టరు క్లినిక్కు పైన అద్దె మేడలో కాపురముంటున్న రాష్ట్ర వాగ్వ్యవహార సంస్థ నెత్తిన పడింది. అంతవరకూ ఆ సంస్థ సాధించిన ఘనకార్యం తన పేరు తాను తడబడకుండా చెప్పుకోవడమే.

సంస్థకు సంచాలకులు పరాంకుశంగారు. మంచినీళ్ళు కావలసి వస్తే ఆయన "త్రాగునీటి సౌకర్యం కల్పించండి" అంటారు. ప్యూను ఆ వాక్యం పూర్తయ్యేలోగా గ్లాసు కడిగి, నీళ్ళు నింపి తెచ్చేస్తాడు. ఆయన కింద భాషాధికారిగా ఉన్నవాడు గంటి సాంబమూర్తి. కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ ఉంటే డిప్యుటేషన్ పేరిట పట్టుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. యాప్‌కి 'వాగ్వారధి' అని పేరు పెట్టింది పరాంకుశంగారు. పాఠాలు రాసే బాధ్యత సాంబమూర్తికి అప్పగించారు.

అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. దానికి కారణం ఇంట్లో ఉంది. కొడుకు భరణి గౌహతిలో పనిచేసినన్నాళ్ళూ పనిచేసి, అక్కడి పిల్లనే పెళ్ళి చేసుకుని, ఇక్కడ కాగితాల మిల్లులో ఉద్యోగం చూసుకుని వచ్చేశాడు. కోడలి పేరు మృదుస్మిత. పశువైద్యం చదివింది. ఊరి శివార్లలోని పశువుల ఆసుపత్రిలో ఉద్యోగమూ వచ్చింది. కాకపోతే ప్రొబేషన్ ముగిసేలోగా తెలుగు మాట్లాడగలనని ధ్రువపత్రం తెచ్చుకోవాలి, లేకపోతే ఇంటికి పంపేస్తామని నియామకపు ఉత్తర్వులోనే రాసి ఉంది. ఇప్పుడా ధ్రువపత్రం ఇచ్చేది వాగ్వారధి ఒక్కటే. కోడలి ఉద్యోగం నిలబెట్టే యంత్రాన్ని మామగారే తయారుచేస్తున్నాడంటే అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు సాంబమూర్తి. నాలుగు రోజులు వీధిలో కాస్త ఛాతీ విరుచుకునే నడిచాడు కూడా.

సంభాషణ అభ్యాసం కోసం అతను సుందరమ్మగారు అనే పక్కింటావిడను సృష్టించాడు. నేర్చుకునేవాళ్ళు ఫోన్ తెరిస్తే ఆవిడ పలకరిస్తుంది, వీళ్ళు జవాబివ్వాలి, ఆవిడ మళ్ళీ మాట కలుపుతుంది. గొంతు ఇవ్వడానికి కళాకారులను పిలిస్తే అంచనాలు మళ్ళీ రాయాలన్నారు. అందుచేత సాంబమూర్తి తన భార్య మాణిక్యాంబనే తీసుకువెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టాడు. సుందరమ్మను రాస్తున్నప్పుడు అతని మనసులో ఉన్నది మాణిక్యాంబే కాబట్టి ఆవిడకు అదో పెద్ద పని కాలేదు. "భోజనం చేశారా?" అని ఆవిడ మైకునడిగితే, అవతల గదిలో కాంట్రాక్టు కంపెనీ తరఫున యాప్ తయారుచేస్తున్న షరీఫ్ "చేశానండీ" అని తల ఎత్తి జవాబు చెప్పాడు.

మొదటి సమీక్ష పదకొండు గంటలకు పెట్టారు. పరాంకుశంగారు ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. పక్కన న్యాయ సలహాదారు భుజంగరావు కూర్చున్నాడు. ఆయన ఏ కాగితం చూసినా ముందు అది కోర్టులో ఎలా ఉంటుందో ఊహించుకుని, తర్వాత చదువుతాడు. సుందరమ్మగారు భోజనం చేశారా అని అడిగింది. ఇంకా వేళ కాలేదు కనుక పరాంకుశంగారు ఉన్నమాటే చెప్పారు, లేదని.

"అయ్యో, రండి, తిందురు గాని. నిమిషంలో వడ్డించేస్తాను" అంది సుందరమ్మగారు.

పరాంకుశంగారు ఫోన్‌ను బల్లమీద పెట్టేసి, చేతులు వెనక్కి లాక్కున్నారు. సదరు వడ్డన ఎవరు చేపట్టవలసి ఉంటుందని అడిగారు. ఎవరూ చెయ్యరని, అది మర్యాదకు అనే మాట అని సాంబమూర్తి చెప్పాడు. భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. యాప్ ప్రభుత్వానిది గనుక అందులో సుందరమ్మ పిలిస్తే ప్రభుత్వం పిలిచినట్టేనన్నాడు. పిలుపు నమ్ముకుని వినియోగదారుడు కుటుంబంతో సహా వచ్చి గుమ్మంలో నిలబడితే పరిస్థితి ఏమిటన్నాడు.

"ఎవరూ రారండి" అన్నాడు సాంబమూర్తి. "ఇప్పుడే తిన్నానండీ అంటారు. ఆవిడ కాస్త తినండీ అంటుంది. వీళ్ళు వద్దండీ అంటారు. ఆవిడ ఊరుకోదు, బలవంతం చేస్తుంది. నిజంగా ఆకలేస్తే ఆ బలవంతానికి లొంగి కూర్చుంటారు, లేకపోతే మజ్జిగ తాగి వెళ్ళిపోతారు. మన వైపు ఎవరి ఇంట్లో అయినా అంతే కదండీ."

"ఈ ఆచారం ఏ జీవోలో ఉంది?"

"జీవో లేదండి. అందరికీ తెలుసు."

"అందరికీ తెలిసినది కోర్టులో ఎవరికీ తెలియదు" అన్నాడు భుజంగరావు. పిలిచినవాడు వస్తాడని ఆశించకుండా పిలవడం సదుద్దేశం అనిపించుకోదని, వస్తాడని ఆశించి పిలిస్తే అది ఒప్పందమని, ఎటు చూసినా ప్రభుత్వానికి చిక్కేనని విడమరిచి చెప్పాడు.

పరాంకుశంగారు కళ్ళు మూసుకుని కొంతసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించినప్పుడల్లా ఎవరో ఒకరి పని పెరుగుతుంది.

"వాదన కొరకు సుందరమ్మగారు అన్నం పెట్టిరనియే అనుకొందము" అన్నారు చివరికి. "ఆ అన్నం ఏ పద్దు కింద?"

ఆహ్వానం కొట్టివేయబడింది.

సుందరమ్మ నోట ఇక మిగిలింది భోజనం చేశారా అన్న ప్రశ్న. వారం తిరక్కుండా దానికీ మూడింది. పాఠాలన్నీ సంబంధిత శాఖలకు అభిప్రాయం కోసం పంపాలని పరాంకుశంగారు నిర్ణయించారు. పౌర సరఫరాల వారు రాసిన అభిప్రాయం క్లుప్తంగా ఉంది. రాష్ట్రంలో భోజనం చేయనివారెవరూ లేరు. కాబట్టి ఆ ప్రశ్నకు "లేదు" అనే జవాబును ప్రభుత్వ యాప్ ఒప్పుగా స్వీకరించరాదు. పరాంకుశంగారు ఈ తర్కానికి ముచ్చటపడి షరీఫ్‌ను పిలిచి, లేదన్నవాళ్ళకు సున్నా పడేట్టు చెయ్యమన్నారు. షరీఫ్ తలూపాడు. యంత్రానికి తప్పొప్పులంటూ సొంతంగా ఏమీ ఉండవని, తమరు ఏది తప్పంటే దానికి అదే తప్పని అన్నాడు. పరాంకుశంగారు దాన్ని పొగడ్త కింద తీసుకున్నారు.

ఆ తరవాత ఒకరిని చూసి ఒకరు శాఖల వాళ్ళందరూ తలో చెయ్యి వేశారు. బస్టాండు పాఠంలో సుందరమ్మ "బస్సు ఇప్పుడే వచ్చేస్తుంది" అంటే రవాణా శాఖ వారు ఉలిక్కిపడ్డారు. "ఆవకాయ బావుందండీ" అని నేర్చుకునేవాడు మెచ్చుకుంటే అది ఒక ఆహార పదార్థానికి ప్రభుత్వం తరఫున యోగ్యతాపత్రం ఇవ్వడమని ఆరోగ్య శాఖ వారు తేల్చారు. "మబ్బు పట్టింది, గొడుగు పట్టుకెళ్ళండి" అన్న మాటకైతే విపత్తుల నిర్వహణ శాఖ వారు ఏకంగా తాఖీదు పంపారు. వర్షం గురించి ప్రజలను హెచ్చరించే అధికారం సుందరమ్మకు ఎవరు దఖలు పరిచారో తెలియపరచమన్నారు. అన్నీ కలిపి చూసుకున్న పరాంకుశంగారికి వాటి వెనక ఒక మహా సూత్రం గోచరించింది. తప్పు ఆవకాయలో లేదు, గొడుగులో లేదు. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరికొకరు ఏదో ఒక భరోసా ఇచ్చుకుంటున్నారు, చిక్కంతా అక్కడుంది.

దానికి ఆయన 'హామీరహిత సంభాషణ విధానం' అని నామకరణం చేశారు. ఇకమీదట మాటలో ఏ రకమైన మాట ఇచ్చినా అభ్యర్థి తప్పినట్టు. ఎంత మాట్లాడినా ఎవరికీ ఏమీ దక్కకపోతే ఉత్తమ శ్రేణి. మాట్లాడే మనిషి గొంతును యాప్ గుర్తుపట్టే ఏర్పాటు ఒకటి షరీఫ్ పెట్టి ఉంటే, గుర్తుపడితే మొహమాటం పుడుతుందని చెప్పి అదీ తీయించేశారు. ఒకసారి తప్పినవాళ్ళు నిరుత్సాహపడకుండా, ఫోన్ కట్టేసేవరకూ పరీక్ష తనంతట తానే మళ్ళీ మొదలవుతూ ఉండాలన్నారు. ఇది ఆయన దయాగుణం.

పాఠాలు మారాయి గనుక మాణిక్యాంబను మళ్ళీ పిలిపించారు. ఈసారి ఆవిడ చెప్పవలసిన మాట, "మీ ఆకలి మా దృష్టికి వచ్చినది. తగు సమయంలో తెలియజేయబడును." ఆవిడ చదివింది. అద్దం అవతల కూర్చున్న పరాంకుశంగారు తల అడ్డంగా ఊపారు. మాటల్లో లేకపోయినా గొంతులో హామీ ధ్వనిస్తోందన్నారు. మళ్ళీ చదివింది, మళ్ళీ ధ్వనించింది. ఆకలి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు తనంతట తానే మెత్తబడిపోతోంది. షరీఫ్ లోపలికి వచ్చి, ఎవరైనా గిట్టనివాళ్ళను మనసులో పెట్టుకుని చదవమని సలహా ఇచ్చాడు. మాణిక్యాంబ అద్దంలోంచి పరాంకుశంగారి వంక తిన్నగా చూస్తూ చదివింది. అద్భుతంగా వచ్చిందని ఆయన స్వయంగా లేచి చప్పట్లు కొట్టారు.

ఈ తతంగమంతా జరుగుతుండగా ఇంట్లో ఇంకొక పాఠశాల నడుస్తోంది. దానికి శాఖల అభిప్రాయాలు లేవు. కొత్తలో అత్తా కోడలూ సైగలతో కాలక్షేపం చేశారు. ఉప్పు కావాలంటే ఉప్పు డబ్బా చూపించుకునేవారు. తర్వాత మృదుస్మిత వంటగదిలో పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మాణిక్యాంబకు మాట్లాడకుండా కూర తరగడం చేతకాదు. పనసపొట్టు కొట్టడం దగ్గర నుంచి పక్కవీధి పెళ్ళి ఎందుకు చెడిందో వరకూ ఆవిడ చెబుతూనే ఉండేది, ఆ పిల్ల వింటూనే ఉండేది. ఒకనాడు పాలవాడు ఆలస్యంగా వస్తే, "ఏం బాబూ, ఒంట్లో బాలేదా? కాస్త కాఫీ తాగి వెళ్ళు" అని గుమ్మంలోంచి వినబడింది. భార్యే అనుకుని సాంబమూర్తి పేపర్లోంచి తలెత్తలేదు. మాణిక్యాంబ పెరట్లోంచి రావడం చూసి అప్పుడు పేపరు దించాడు. అతనికి కళ్ళు చెమర్చాయి. ఇంక ఈ పిల్లకు ఢోకా లేదనుకున్నాడు.

ప్రారంభోత్సవం కాకుండానే యాప్‌ను వాడుకలో పెట్టేశారు. ఆ పిల్ల మొదటిసారి పరీక్షకు కూర్చున్నది ఒక మధ్యాహ్నం, రెండు దాటాక. పొద్దుటి నుంచీ పల్లెల్లో తిరిగి గాలికుంటు టీకాలు వేసి అప్పుడే ఇల్లు చేరింది. ఫోన్ తెరవగానే సుందరమ్మ భోజనం చేశారా అని అడిగింది.

"ఇంకా లేదండీ, ఇప్పుడే వచ్చాను" అంది మృదుస్మిత.

"తప్పు సమాధానం. మీరు భోజనం చేసియున్నారు. మళ్ళీ ప్రయత్నించండి" అంది ఫోన్.

వంటగదిలోంచి మాణిక్యాంబ గరిటె పట్టుకుని వచ్చింది. తన గొంతు తనకే కొత్తగా వినబడి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏవండీ, ఆ మాటన్నది నేనా? కడుపు మాడిపోయి వచ్చిన పిల్లను పట్టుకుని తినేశావు పొమ్మన్నానా?" అని మొగుణ్ణి అడిగింది. సాంబమూర్తి నేల చూపులు చూశాడు. తను రాసిన సుందరమ్మను తనే చంపేశాననే బాధ అతనికి అంతకు ముందు లేదు. అప్పుడే పట్టుకుంది.

రెండోసారి పశువైద్యుల పాఠం వచ్చింది. ఫోన్‌లో మాణిక్యాంబ గొంతుతోనే ఒక రైతు, "నిన్నట్నించీ గేదె గడ్డి ముట్టడం లేదు డాక్టరమ్మా, తగ్గుద్దంటారా?" అని అడిగాడు. "భయపడకండి, తగ్గిపోతుంది. మందిస్తాను, రేపొచ్చి మళ్ళీ చూస్తాను" అంది మృదుస్మిత. అన్నీ హామీలే కావడంతో ఫోన్ కాసేపు బిత్తరపోయి ఊరుకుని, ఆ పైన అనుత్తీర్ణులు అంది. సరైన జవాబు, 'గేదె విషయం పరిశీలనలో ఉన్నది.'

"ఆ మాట నేనంటే రైతు గేదెను తోలుకుని వెళ్ళిపోతాడు కదండీ మావయ్యగారూ" అంది ఆ పిల్ల.

ఒప్పు జవాబులు బట్టీపట్టమని సాంబమూర్తి చెప్పాడు. ఆమె శ్రద్ధగా పట్టింది. ఒట్టినే అడిగితే గడగడా అప్పజెప్పేది. అయితే ఫోన్‌లోంచి అడిగేది మాణిక్యాంబ గొంతు. అత్తగారి గొంతు వినబడగానే బట్టీ మొత్తం ఎగిరిపోయి, మనసులో ఉన్నది నోట్లోకి వచ్చేసేది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ తప్పింది. తెలుగు వచ్చే కొద్దీ మార్కులు తగ్గడం మొదలైంది. అదే ఆసుపత్రికి బీహారు నుంచి వచ్చిన ఇంకో డాక్టరుకు "చూద్దాం" అన్న ఒక్క మాటే తెలుసు. ఆయన మొదటి రోజే ఉత్తమ శ్రేణిలో నెగ్గాడు.

ప్రొబేషన్ గడువు దగ్గరపడింది. మృదుస్మిత పైకి ఏమీ అనేది కాదు. వెళ్ళిపోవలసి వస్తే ఈనబోయే గేదెలను ఎవరికి అప్పగించాలా అని మాత్రం ఆలోచిస్తున్నట్టు కనబడేది. సాంబమూర్తి సిగ్గు విడిచి పరాంకుశంగారి గదిలోకి వెళ్ళాడు. ఆ అమ్మాయి తెలుగు మీరే ఒకసారి వినండి, చాలు అని బతిమాలాడు.

ఆయన సానుభూతితోనే విన్నారు. కానీ యాప్‌లోని గొంతు స్వయానా అభ్యర్థిని అత్తగారిదని ఇప్పుడే తమ దృష్టికి వచ్చినదని, తత్కారణంగా ఆమె ఇంటి వద్ద పరీక్ష రాయడం అనుచితమని అన్నారు. వాగ్వారధిని మంత్రిగారు ప్రారంభించే రోజున బహిరంగ వేదికపై, సర్వుల సమక్షంలో ఆమె చివరిసారి పరీక్షకు హాజరు కావలెనన్నారు. సాయం అడగబోయి కోడల్ని బజారున నిలబెట్టి వచ్చినట్టయింది సాంబమూర్తికి. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే మాణిక్యాంబ అతనితో మాట్లాడ్డం మానేసింది. హామీరహిత సంభాషణ అంటే ఏమిటో అతనికి ఇంట్లోనే పూర్తిగా అనుభవంలోకి వచ్చింది.

ప్రారంభోత్సవం రోజు పది గంటలకు వస్తానన్న మంత్రిగారు ఒంటిగంట దాటాక వచ్చారు. దారిలో ఒక వంతెనకూ, ఒక విగ్రహానికీ, ఒక శీతల గిడ్డంగికీ ప్రారంభోత్సవాలు చేసుకుంటూ వచ్చారు. మనిషి వడిలిపోయి ఉన్నారు. ఇలాంటి సభలకు మామూలుగా భోజనాలు పెడతారు. కానీ అన్నం ఏ పద్దు కింద అన్న ప్రశ్న లేవదీసింది పరాంకుశంగారే కనుక, అది తేలేవరకూ సంస్థలో ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టకూడదని ఆయనే ఉత్తర్వు ఇచ్చుకున్నారు. వేదిక మీద మంచినీళ్ళు మాత్రం ఉన్నాయి.

మృదుస్మితను పిలిచారు. ఆమె తన ఫోన్ బల్లమీద పెట్టి వాగ్వారధి తెరిచింది. మైకులోంచి హాలంతా వినబడేట్టుగా మాణిక్యాంబ గొంతు నమస్కారం అంది. ముందు వరసలో కూర్చున్న మాణిక్యాంబ మొహం తిప్పుకుంది. మృదుస్మిత ఈసారి కళ్ళు మూసుకుని, బట్టీపట్టినదంతా ఒక్కొక్కటే జాగ్రత్తగా చెప్పుకుంటూ పోయింది. బస్సు సంగతి సంబంధిత అధికారులు చూసుకుంటారంది. గేదె విషయం పరిశీలనలో ఉందంది. ఆవకాయపై వ్యాఖ్యానించలేనంది. ఆఖరి ప్రశ్న ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడు మంత్రిగారికి ఉత్సాహం పుట్టింది. "ఏమ్మా, ఏ ఊరు మీది? తెలుగు బానే పట్టుబడిందే" అని కుర్చీలోంచి వంగి పలకరించారు.

ఆ పిల్ల కళ్ళు తెరిచి ఆయన మొహం చూసింది. పెదాలు ఎండిపోయి, కళ్ళు లోతుకుపోయి ఉన్నాయి. రోజూ మూగజీవాల మొహాలు చూసి ఆకలి కనిపెట్టే మనిషి. అందులోనూ మాణిక్యాంబ కోడలు.

"భోజనం చేశారా అండీ?" అంది.

"ఎక్కడమ్మా, పొద్దున్నించీ టీనీళ్ళే."

"అయ్యో, రండి, తిందురు గాని. ఇల్లు ఇక్కడే. అత్తయ్య పనసపొట్టు కూర చేశారు."

ఇలాంటప్పుడు ఏమనాలో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. ఎందుకమ్మా నీకు శ్రమ, ఇంకోసారి వస్తాను అనాలి. మంత్రిగారు కూడా నిండు సభలో అదే అంటారని అందరూ ఎదురుచూశారు. అయితే ఆయనకు ఆకలి దంచేస్తోంది. పైగా పనసపొట్టు అన్నారు. ఆయన లేచి నిలబడి, కండువా సర్దుకుని, "పదమ్మా" అన్నారు.

"హామీ ఇచ్చియున్నారు. అనుత్తీర్ణులు. మళ్ళీ ప్రయత్నించండి" అంది ఫోన్ మైకులో. చప్పట్లు కొట్టాలో కూడదో తెలియక కొందరు సగం కొట్టి ఆపేశారు. మృదుస్మిత ఫోన్ తీసుకుని చేత్తో పట్టుకుంది. దాన్ని కట్టేయాలని ఆ కంగారులో ఎవరికీ తోచలేదు.

పావుగంటలో సాంబమూర్తి ఇంటి ముందు కార్లు బారులు తీరాయి. మాణిక్యాంబ వండింది ఇంట్లోవాళ్ళ మటుకే. ఆవిడ వచ్చీ రాగానే పిట్టగోడ మీంచి అటూ ఇటూ రెండు కేకలు వేసింది. ఒకరింటి నుంచి అన్నం గిన్నె, ఇంకొకరింటి నుంచి పప్పు, వేరొకరి నుంచి అప్పడాలు, పెరుగు దిగిపోయాయి. అరిటాకులు దొడ్లోనే ఉన్నాయి. మంత్రిగారు బల్ల దగ్గర కూర్చుని పనసపొట్టు కూర రెండోసారి వేయించుకున్నారు. గన్‌మెన్ వరండాలో తిన్నారు. తిన్నందువల్ల తలెత్తే చట్టపరమైన పర్యవసానాలు తర్వాత చూసుకోవచ్చని భుజంగరావు కూడా ఒక ఆకు ముందు కూర్చున్నాడు. పరాంకుశంగారు ఒక్కరే గోడకానుకుని నిలబడ్డారు. ఆయన ఆకలి ఆయన మొహంలో కనబడుతోంది. కానీ పద్దు తేలకుండా ఆకు ముందు కూర్చుంటే తన ఉత్తర్వును తానే తిన్నట్టవుతుంది.

సాంబమూర్తి ఇక దాచుకోలేకపోయాడు. మజ్జిగ పోస్తూ పోస్తూ మంత్రిగారికి ఉన్న సంగతంతా చెప్పేశాడు. ఈ అమ్మాయి తమరిని భోజనానికి పిలిచినందుకే పరీక్ష తప్పిందని, ఇవాళ్టితో ఉద్యోగం పోతుందని, తమరు ఒక్క మాట సెలవిస్తే నిలబడుతుందని వేడుకున్నాడు. అందరూ తినడం ఆపి మంత్రిగారి వంక చూశారు.

మంత్రిగారికి ఆ పిల్లంటే అభిమానమే కలిగింది. కానీ ఎవరైనా పని అడిగితే ఆయన నోరు ఎన్నో ఏళ్ళుగా ఒకటే దారి ఎరుగును. "చూద్దాంలెండి. ఒక ఫైలు పెట్టించండి. అన్ని కోణాల్లోంచీ పరిశీలించి, తగు సమయంలో తెలియజేద్దాం" అన్నారు.

బల్లమీద పెరుగు గిన్నె పక్కన ఉన్న ఫోన్ చిన్నగా మోగింది.

"అభినందనలు. హామీ ఏమియు లేదు. మీరు ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణులైనారు. మృదుస్మితగారి ధ్రువపత్రం జారీ చేయబడినది" అంది మాణిక్యాంబ గొంతు.

కాసేపటి వరకూ ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు. మొదట అర్థమైంది వరండాలో తింటున్న షరీఫ్‌కి. తప్పినప్పుడల్లా ఈ సందడిలో పరీక్ష దానంతటది మళ్ళీ మొదలవుతూ వచ్చిందని, గొంతులు గుర్తుపట్టే ఏర్పాటు తీసేశారు గనుక ఎవరు మాట్లాడినా ఫోన్ సొంతదారుకే మార్కులు పడతాయని, రెండూ డైరెక్టరుగారు చెప్పి చేయించినవేనని ఎంతో వినయంగా వివరించాడు. మంత్రిగారికి అందులో అర్థమైనది ఒక్కటే. తన తెలుగుకు ఉత్తమ శ్రేణి వచ్చింది. ఆయన ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మంచి యాప్ చేశారయ్యా అని పరాంకుశంగారి భుజం తట్టి, చెయ్యి కడుక్కుని, కిళ్ళీ వేసుకుని వెళ్ళిపోయారు.

పరాంకుశంగారు ఆ ధ్రువపత్రాన్ని రద్దు చేసే మార్గం కోసం కళ్ళు మూసుకున్నారు. రద్దు చెయ్యాలంటే మంత్రిగారు మాట్లాడిన తెలుగు తప్పని రాయాలి. ఆయన వెంటనే కళ్ళు తెరిచారు. "విధానం విజయవంతమైనట్లు భావించవచ్చును" అన్నారు గోడతో. భరణి ఆ ఫోన్‌ని తీసుకుని, తల్లికి ధ్రువపత్రం చూపించి, అప్పుడు దాన్ని కట్టేసి బల్లమీద పెట్టాడు. మాణిక్యాంబ కోడల్ని దగ్గరకు తీసుకుని చీర చెంగుతో ఆ పిల్ల కళ్ళు ఒత్తింది. వారం రోజులుగా మొగుడితో మాట్లాడని మనిషి, "ఏవండీ, మీరూ కూర్చోండి" అంది. సాంబమూర్తికి ప్రాణం లేచివచ్చింది.

కార్లన్నీ వెళ్ళిపోయాయి. భుజంగరావు తృప్తిగా త్రేన్చి వెళ్ళిపోయాడు. పరాంకుశంగారు మాత్రం వెళ్ళకుండా చెప్పుల్లో కాళ్ళు పెట్టడం, తీయడం చేస్తున్నారు. పనసపొట్టు గిన్నెలో ఇంకా అడుగున కొంత ఉంది. ఆయన చూపు మాటిమాటికీ అటే పోతోంది.

"మీరు తినలేదే" అంది మాణిక్యాంబ.

"ఎందుకమ్మా, ఇప్పుడే తిన్నాను. నాకేమీ వద్దు" అన్నారు పరాంకుశంగారు. అని, ఆవిడ బలవంతం చెయ్యడం కోసం నిలబడ్డారు. రెండోసారి వద్దని, మూడోసారి మీరింతగా అంటున్నారు కనుక అని కూర్చుందామని ఆయన ఆలోచన. జీవో లేకపోయినా ఆ ఆచారం ఆయనకూ బాగా తెలుసు.

మాణిక్యాంబ ఆయన్ను అద్దంలోంచి చూసినట్టే తిన్నగా చూసింది.

"అలాగేనండీ. మీ మాట మా దృష్టికి వచ్చినది" అని, కూర గిన్నె మీద మూత పెట్టింది.

సాంబమూర్తికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఉద్యోగంలో చేరిన తర్వాత అంత సంతోషం అతను ఎరగడు. పప్పు వేడెక్కేంత సేపు మాణిక్యాంబ ఆయన్ను అలాగే నిలబెట్టింది. ఆ తర్వాత వంటగదిలోంచి మృదుస్మిత ఒక ఆకు తెచ్చి, ఏమీ అడక్కుండా బల్లమీద పరిచి, నీళ్ళు చల్లి, అన్నం వడ్డించింది. పరాంకుశంగారు మారుమాట లేకుండా కూర్చున్నారు. పద్దు ఊసెత్తలేదు. పనసపొట్టు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆయన కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఏదో అనబోయి, ఠక్కున ఆగిపోయారు.

"చెప్పండి, పర్వాలేదు" అంది మాణిక్యాంబ నెయ్యి వేస్తూ.

ఆయన బల్లమీది ఫోన్‌ను ఒకసారి ఎడమచేత్తో తిప్పి చూసి, అది కట్టేసే ఉందని రూఢి చేసుకుని, ఇంకెవరికీ వినబడనంత చిన్న గొంతుతో "బావుందమ్మా" అన్నారు.